హూడి నుంచి పెద్దాసుపత్రి దాకా, చెల్లని చీటీతో

ఈ బ్లాగులో ఇప్పటిదాకా నేను రాసినవన్నీ సరదా ప్రయాణాలే. తెల్లవారుజామున నంది హిల్స్, కోలారు వైపు పాత గుళ్లు, వారాంతంలో కూర్గు. ఈసారి అలాంటిది కాదు. హూడి నుంచి బెంగళూరు అవతలి కొసన ఉన్న ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లొచ్చాను. దూరం ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. ఉదయం ఐదుంబావుకు బయలుదేరి సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరాను. వారం గడిచినా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. ప్రభుత్వ ఆరోగ్య కార్డు పట్టుకుని ఎవరినైనా ఇలాంటి చోటికి తీసుకెళ్లాల్సినవాళ్లు చివరిదాకా చదవండి, ఒక పనికొచ్చే మాట ఉంది. ఓపిక లేనివాళ్లు నేరుగా అక్కడికే వెళ్లిపోయినా నేనేమీ అనుకోను.

నేను చీరాల నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాలుగేళ్లు హూడిలో ఒక లేడీస్ పీజీ హాస్టల్లో ఉన్నాను. అక్కడ వంట నారాయణమ్మక్కది. వాళ్ల తాతలనాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆమె మాటలో సగం సీమ తెలుగు, పావు కన్నడం, మిగతాది ఆమె సొంతం. అరవైమంది ఆడపిల్లలకు రెండు పూటలా వండేది. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే అడగకుండానే మిరియాల చారు గదికి పంపేది. నేను పీజీ వదిలి సొంతంగా ఇల్లు తీసుకున్నా ఆదివారం ఆమె చేతి పప్పు కోసం వెళ్తూనే ఉంటాను. రెండు నెలల కిందట ఆమెకు ఎడమ నడుం పక్కన నొప్పి మొదలైంది. మా వైపున్న చిన్న ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే, కిడ్నీ కింద గొట్టంలో రాయి ఇరుక్కుందని, దానివల్ల ఎడమ కిడ్నీ వాస్తోందని చెప్పారు. త్వరగా రాయి తీసేస్తే కిడ్నీ దక్కుతుంది, ఆలస్యమైతే పోతుంది అన్నారు. అక్కడ ఆ వైద్యం లేదు కాబట్టి పెద్దాసుపత్రికి వెళ్లమని ఒక రెఫరల్ చీటీ రాసిచ్చారు. కార్డు ఉంది, చీటీ ఉంది, ఇక ఏముందిలే అనుకున్నాం.

ఆ తర్వాత ఆమె మూడుసార్లు పెద్దాసుపత్రికి వెళ్లి మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మొదటిసారి స్కాన్‌కు తేదీ ఇచ్చి పంపారు, ఇరవై మూడు రోజుల తర్వాతకి. ఆ తేదీకి వెళ్లి స్కాన్ చేయించుకుంటే, "చీటీ చెల్లదు, కొత్తది తెచ్చుకో" అన్నారు. కొత్తది తీసుకెళ్తే, "స్కాన్ పాతదైపోయింది, మళ్లీ తీయాలి" అని మూడు వారాల తర్వాతకి ఇంకో తేదీ ఇచ్చారు. ఒకటి నిజం చెప్పాలి. ఇదంతా విన్నప్పుడు నాకు మొదట కోపం వచ్చింది ఆమె మీదే. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక తికమకపడి ఉంటుంది, పక్కన చదువుకున్న మనిషి ఉంటే గంటలో అయ్యే పని అనుకున్నాను. ఒకరోజు సెలవు పెట్టాను. జిప్పున్న ప్లాస్టిక్ ఫైలు కొన్నాను. ప్రతి కాగితానికీ రెండేసి జిరాక్సులు తీసి, తేదీల వారీగా సర్దాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పీజీ నుంచి హూడి మెట్రో స్టేషన్‌కు నాకు పది నిమిషాల నడక. ఆమె నడుం పట్టుకుని నాలుగు అడుగులకొకసారి ఆగుతుంటే ఆటో ఎక్కించాను. కిలోమీటరు దూరానికి ఎనభై రూపాయలు అడిగాడు, ఆ వేళ బేరమాడే ఓపిక లేదు. నా ఒళ్లో ఫైలు చూసి డ్రైవరే పలకరించాడు.

"ఆస్పత్రికా మేడమ్? ఇట్లా ఫైలు పట్టుకున్నోళ్లను దినమూ దింపుతా ఉంటా. ఎన్నో తూరి?"

"నాలుగోసారి."

"నాలుగే గదా! ఇంకా చానా ఉండాది," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నారాయణమ్మక్క మాత్రం నవ్వింది. "ఆయప్ప చెప్పేది నిజమేలే, ఏల కోపం," అంది.

హూడి నుంచి నగరం మధ్యలోని మెజెస్టిక్‌కు మెట్రోలో యాభై నిమిషాలు పడుతుంది, టికెట్టు అరవై, డెబ్బై రూపాయల మధ్య. ఇలాంటి ప్రయాణానికి వెళ్లేవాళ్లు ఆరులోపే ఎక్కండి. ఏడు దాటితే నిలబడడానికి కూడా చోటుండదు, నడుం నొప్పితో ఉన్న మనిషికి అది నరకం. ఆ వేళకు మాకు ఇద్దరికీ సీట్లు దొరికాయి. స్కాన్‌కు పరగడుపున రమ్మన్నారు కాబట్టి ఆమె కాఫీ కూడా తాగలేదు. మహదేవపుర దాటుతుంటే మా ఆఫీసు మేడ కనిపించింది. చూపించాను.

"ఇంత పెద్ద బిల్డింగులో ఏం చేస్తారప్పా దినమంతా?" అంది.

"కొందరు సాఫ్ట్‌వేర్ రాస్తారక్కా. నేను అది సరిగ్గా ఉందో లేదో పరీక్షిస్తాను. తప్పులుంటే పట్టుకుంటాను."

"మంచి పనే. ఎవరో ఒకరు చూడాల గదా," అంది, అద్దంలోంచి ఆ మేడను వెనక్కి తిరిగి చూస్తూ. ఆ మాటకు నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మెజెస్టిక్‌లో మెట్రో నుంచి సిటీ బస్సులు ఆగే చోటికి కాస్త నడవాలి. లిఫ్టు ఉంది, వెతుక్కోవాలి. అక్కడి నుంచి ఆసుపత్రికి బస్సులో నలభై నిమిషాలు. కర్ణాటక ఆధార్ ఉన్న ఆడవాళ్లకు మామూలు సిటీ బస్సు ఉచితం, ఆమెకు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇచ్చారు. నా ఆధార్‌లో ఇంకా చీరాల చిరునామానే ఉంది కాబట్టి నేను డబ్బు పెట్టి కొన్నాను. ఏడున్నరకు ఆసుపత్రి గేటు దగ్గర దిగాం. ఓపీ కౌంటర్ ఎనిమిదింటికి తెరుస్తారు, అప్పటికే క్యూ గేటు బయటి జిరాక్సు కొట్టు దాకా ఉంది. చిక్కబళ్లాపుర నుంచి, తుమకూరు నుంచి రాత్రి బస్సుల్లో వచ్చి ఆ వసారాలోనే పడుకున్నవాళ్లున్నారు. వాళ్ల పక్కన నా జిప్పు ఫైలు నాకే వేళాకోళంగా అనిపించింది.

ఒకమాట ముందే చెప్పాలి. ఆ ఆసుపత్రి పాడుబడ్డదేమీ కాదు. నేల శుభ్రంగా ఉంది, స్కాన్ యంత్రం కొత్తది. ఓపీ చీటీ ఇరవై రూపాయలు, కార్డు ఉంటే స్కాన్ ఉచితం. స్కాన్ తీసే టెక్నీషియన్ నారాయణమ్మక్కను బల్లమీదకు ఎక్కించడానికి తనే భుజం పట్టాడు. అక్కడ పనిచేసేవాళ్లు ఒక్కొక్కరూ ముగ్గురి పని చేస్తున్నారు. ప్రభుత్వాసుపత్రి అనగానే ముక్కు మూసుకునేవాళ్లంటే నాకు మొదటి నుంచీ పడదు, ఆ రోజు తర్వాత అసలు పడదు. నా కోపం ఆ గోడల మీద కాదు. యంత్రం ఉంది, డాక్టరు ఉన్నాడు, కార్డులో డబ్బు ఉంది, రోగి ఎదురుగా ఉంది, అయినా వైద్యం జరగదు, అదీ నా కోపం.

పదిన్నరకు పిలిచారు. పదకొండున్నరకు స్కాన్ అయిపోయింది. గేటు పక్కన కేంటీన్‌లో ఇడ్లీ సాంబారు ముప్పై రూపాయలు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా లేని మనిషి, ఆత్రంగా తింటుందనుకున్నాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కేంటీన్ అతనితో తగువు పెట్టుకుంది.

"ఏమప్పా, సాంబారు రుచి చూసినావా నువ్వు?"

"యాభై లీటర్లమ్మా, ఏం చూసేది?" అన్నాడతను.

"యాభై అయినా అయిదైనా దించే ముందర ఒక గరిటె నాలిక మీద పోసుకోవాల. ఉప్పే ల్యాదు దీంట్లో. రోగాలోళ్లు తినే తావు ఇది!"

అతను నవ్వి చిన్న గిన్నెలో ఉప్పు తెచ్చి పెట్టాడు. మేం ఒంటిగంటకు స్కాన్ రిపోర్టు తీసుకుని మూత్రపిండాల డాక్టరు గదికి వెళ్లాం. చిన్న వయసువాడు, తెలుగు వచ్చు. రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటి స్కాన్ కంటే వాపు పెరిగిందన్నాడు. "ఇంకా పని చేస్తోంది. కానీ ఇక ఆగకూడదమ్మా. మొదటి స్కాన్ రోజే చేసుంటే ఎంతసేపు, చిన్న పని," అన్నాడు. రాయి తీయడానికి అనుమతి కోరుతూ కాగితం రాసి, కింద ఏడో నంబరు కౌంటర్‌లో ఇచ్చి రమ్మన్నాడు. అనుమతి వస్తే ఎల్లుండి చేర్చుకుంటానన్నాడు. ఎల్లుండి! మెట్లు దిగుతూ నేను పీజీ ఓనర్‌కు ఫోన్ చేసి, వారం రోజులు వంటకు వేరే మనిషిని చూసుకోమని కూడా చెప్పేశాను.

ఏడో నంబరు కౌంటర్‌లో మంజుళ అనే అమ్మాయి ఉంది. కోలారు వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడింది. కార్డు నంబరు కొట్టింది, చీటీ నంబరు కొట్టింది, తల అడ్డంగా ఊపింది.

"చీటీ గడువు అయిపోయింది మేడమ్. కొత్తది తేవాల."

"గడువా? చీటీ మీద గడువు ఎక్కడ రాసుంది?"

"చీటీ మీద ఉండదు మేడమ్. సిస్టంలో ఉండాది. పదైదు దినాలు."

"స్కాన్‌కు ఇరవై మూడు రోజుల తర్వాత తేదీ ఇచ్చింది మీరే కదా? మరి పదిహేను రోజుల్లో చీటీ చచ్చిపోతే ఎలా?"

"అదంతా నాకు తెలీదు మేడమ్. స్కాన్ సాలు, అదే క్యూ, అంత ఉండాది."

"సరే, కొత్త చీటీ తెస్తాం. ఇవాళ తీసిన స్కాన్ ఉంది కదా, దాంతో అనుమతి ఇస్తారా?"

"లేదు మేడమ్. చీటీ తేదీ తర్వాత తీసిన స్కానే తీసుకుంటుంది సిస్టం."

"అంటే మళ్లీ స్కానా? దానికి తేదీ?"

ఆమె పక్కకు తిరిగి స్కాన్ గది పట్టిక చూసింది. "ఈ పొద్దు రాపిస్తే ఇరవై రెండు దినాలకి వస్తాది."

అప్పుడు అర్థమైంది నాకు. చీటీ పదిహేను రోజులు బతుకుతుంది. స్కాన్ ఇరవై రోజుల పైన పడుతుంది. స్కాన్ వచ్చేసరికి చీటీ ఉండదు, చీటీ తెచ్చేసరికి స్కాన్ పనికిరాదు. నారాయణమ్మక్క ఏ తప్పూ చేయలేదు. ఎంత చదువుకున్నవాళ్లు వచ్చినా, ఎన్ని జిరాక్సులు తెచ్చినా, గానుగెద్దులా ఇక్కడిక్కడే తిరగాల్సిందే. నేను గొంతు పెంచాను. వెనక క్యూలో ఉన్నవాళ్లంతా వినేలా అరిచాను. ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు అసలు బుద్ధుందా, వాళ్ల ఇంట్లో మనుషులుండరా, రోగాలు రావా అని అడిగాను. వెనక ఎవరో "సరిగ్గా అడిగినావమ్మా" అన్నారు. నాకింకా ఊపొచ్చింది.

మంజుళ విసుగ్గా తెరను నా వైపు తిప్పింది. "నన్నేం చేయమంటారు మేడమ్? మీరే చూడండి. నొక్కనీయదు."

చూశాను. నీలం పట్టీ. కింద తెల్లటి పెట్టె. పెట్టెలో ఎర్ర అక్షరాల్లో గడువు ముగిసిందన్న సందేశం. దాని కింద సరే అనే బటన్, సరిగ్గా పెట్టె మధ్యలో.

ఆ బటన్ నాకు తెలుసు. మూడేళ్ల కిందట అది ఎడమకు కొంచెం జరిగి ఉండేది. మధ్యలో లేదు, చూడడానికి బాగాలేదు అని తప్పు పట్టి రాసింది నేనే. రెండు రోజుల్లో సరిచేశారు. ఏదో రాష్ట్రంలో ఆరోగ్య పథకానికి వాడే సాఫ్ట్‌వేర్ అని మాత్రమే మాకు చెప్పారు, పేరు చెప్పలేదు, మాకు తెలిసింది ఒక సంకేతనామమే. చీటీ గడువు రూలు, స్కాన్ తేదీ రూలు, రెండూ పరీక్షించి పాస్ అని గుర్తు పెట్టింది నేను. తెరను నా వైపు తిప్పి మంజుళ చూపించింది నా పనినే.

ఎలా పాసయ్యాయో మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు మా వృత్తిలో ఉన్నవాళ్లం తప్ప ఇంకెవరూ చేయలేరు. పరీక్షకు మేం ఒక ఉత్తుత్తి రోగిని పుట్టిస్తాం. చీటీ తేదీ అడిగితే క్యాలెండర్ తెరుచుకుంటుంది, అందులో ఇవాళ్టి తేదీ చుట్టూ ముందే గుండ్రం ఉంటుంది, ఎంటర్ నొక్కితే సరిపోతుంది. స్కాన్ తేదీ, ఇవాళ. అనుమతి తేదీ, ఇవాళ. మా రోగికి చీటీ, స్కాన్, ఆపరేషన్ అన్నీ టీ తాగి వచ్చేలోపు అయిపోతాయి. పదహారు రోజుల పాత చీటీ ఇచ్చి చూశాను, వద్దంది. పాస్. చీటీకి ముందు తీసిన స్కాన్ ఇచ్చి చూశాను, వద్దంది. పాస్. విడివిడిగా రెండూ చక్కగా పనిచేశాయి. ఆ రెండింటి మధ్య ఒక మనిషి నిలబడి ఎదురుచూడాలి అన్నది నాకు తట్టలేదు, ఎవరికీ తట్టలేదు.

ఆ రూళ్లు ఎందుకు పెట్టారో కూడా నాకు తెలుసు. దొంగ చీటీలు పుట్టించేవాళ్లుంటారు, ఒకరి స్కాన్ ఇంకొకరికి చూపించి డబ్బు గుంజే దళారులుంటారు. ప్రజల సొమ్ము పోకుండా ఖర్చు అదుపులో పెట్టాలి. పెట్టాల్సిందే, నేను కాదనను. కానీ నారాయణమ్మక్కకు ఇప్పటికే రెండు స్కాన్లు తీశారు, మూడోది తీయబోతున్నారు, మూడూ ఆ ప్రజల సొమ్ముతోనే. ఆమె వెనక నిలబడ్డవాళ్లందరికీ అంతే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుని, దానికి పొదుపు అని పేరు పెట్టుకున్నాం.

నేను అరవడం ఆపి ఫైలు జిప్పు మూయడం చూసి మంజుళ మెత్తబడింది. నేను అలసిపోయాననుకుంది పాపం. "ఇది చేసినోళ్లు ఒక్క దినం వచ్చి ఈ కుర్చీలో కూచుంటే తెలుస్తాది మేడమ్," అని, గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పింది. అదే చివర్లో రాస్తున్నాను. ఆ ఉపాయం ప్రకారం అప్పుడే స్కాన్ గదికి వెళ్లి, ఇరవై రెండు రోజుల తర్వాతి తేదీ రాయించుకున్నాం. తర్వాత మళ్లీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"అన్నాళ్లు ఆగుతుందా డాక్టర్?" అని అడిగాను.

"చెప్పలేను. మధ్యలో సన్నటి గొట్టం వేసి కిడ్నీకి తెరిపి ఇవ్వొచ్చు, కానీ దానికీ ఇదే అనుమతి కావాలి."

"అత్యవసరం అని రాయలేరా?"

"జ్వరం వస్తే రాస్తాను. చలి, వణుకు వస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి. అప్పుడు చీటీ అడగరు. కానీ అప్పటికి కిడ్నీలో చీము పట్టి ఉంటుంది, చాలాసార్లు తీసేయాల్సి వస్తుంది." బల్లమీద పెన్ను విసిరేశాడు. "తీసేయడానికి చీటీ అక్కర్లేదు. ఖర్చు కూడా ఎక్కువ, అయినా అడగరు. ఉంచడానికే అడుగుతారు. నేను పైకి మూడుసార్లు రాశాను."

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు పెద్దవాళ్లు. ఇక్కడ గోరు వాడాలంటే అనుమతి కావాలి, గొడ్డలికి మాత్రం అక్కర్లేదు. నారాయణమ్మక్క ఇదంతా తలుపు దగ్గర నిలబడి వింటూనే ఉంది.

మూడున్నరకు బస్సెక్కాం. మెజెస్టిక్‌లో ఆ వేళ మెట్రో కిక్కిరిసి ఉంటుంది. ఫైలు చూపించి అడిగితే ఒక కుర్రాడు లేచి ఆమెకు సీటిచ్చాడు. ఇందిరానగర్ దాటాక ఆమె పక్కన సీటు ఖాళీ అయితే కూర్చున్నాను. ఇక దాచుకోలేక చెప్పేశాను.

"అక్కా, ఆ చీటీ రూలు పరీక్షించి సరిగ్గా ఉందని చెప్పింది నేనే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. రెండోసారి వివరంగా చెప్పాను.

"అంటే నువ్వు ఆడ ఆ సాలులో నిలబడి చూసినావా?"

"లేదక్కా. ఆఫీసులోనే."

"ఎన్ని దినాలు కాచుకొని చూసినావు, స్కాన్ వచ్చేదాకా?"

"ఒక్కరోజు కూడా లేదక్కా. అన్నీ అదే రోజు తేదీలు వేసేశాను."

"మరి ఎట్ల సరిగ్గా ఉండాదని చెప్పినావు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆమెను అంత కోపంగా నేను పీజీలో ఉన్న నాలుగేళ్లలో ఎప్పుడూ చూడలేదు.

"అరవైమందికి వండుతాండా నేను," అంది కె.ఆర్. పుర దాటాక, నా వైపు చూడకుండా. "ఒక్క పూటైనా ఉప్పు చూడకుండా మీకు పెట్టినానా?"

"పెట్టలేదక్కా."

ఆపరేషన్ డబ్బు నేను పెడతాను, రేపే వైట్‌ఫీల్డ్‌లో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్దాం అన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి విదిలించుకుంది.

"నీ దుడ్డు నాకొద్దు. పోయి నీ పని సరిగ్గా చెయ్."

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే ఆ రూళ్ల మీద తప్పు నమోదు చేశాను. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేస్తే తప్పు కనిపిస్తుందో అక్కడ వరసగా రాయాలి. రాశాను. చీటీ తీసుకోండి. స్కాన్‌కు తేదీ అడగండి. ఇరవై మూడు రోజులు ఆగండి. అనుమతి అడగండి. సాయంత్రానికి జవాబు వచ్చింది, "మా దగ్గర ఈ తప్పు రావడం లేదు" అని. ఆ జవాబు రాసిన కుర్రాడి బల్ల దగ్గరికి వెళ్లి అతని తెర చూశాను. చీటీ తేదీ ఇవాళ, స్కాన్ తేదీ ఇవాళ, అనుమతి తేదీ ఇవాళ. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా మేనేజర్ మాత్రం పద్ధతిగా చెప్పాడు. ఇది తప్పు కాదట, అడిగినవాళ్లు అడిగినట్టే చేశామట. మార్చాలంటే వాళ్లే మళ్లీ అడగాలి, దానికి వేరే బిల్లు, వచ్చే త్రైమాసికంలో చూద్దామట. నేను సీటుకు వచ్చి, మూడేళ్ల నాటి నా రెండు పాస్‌లను ఫెయిల్ అని మార్చాను. తిరిగి పాస్ చేయమని ఇప్పటికి రెండు మెయిళ్లు వచ్చాయి. చేయలేదు. చేయను.

దేశంలో ఆరోగ్య వ్యవస్థను బాగుచేయాలని, ఖర్చు తగ్గించాలని పెద్దపెద్ద గదుల్లో సమావేశాలు జరుగుతుంటాయి. అలాంటి గదుల్లో నేనూ కూర్చున్నాను, బిస్కెట్లు తిన్నాను. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ ఎదురుచూడడానికి కూడా ఖరీదు ఉంటుందని, దాన్ని రోగి కట్టుకుంటుంది కాబట్టి మన లెక్కలో కనిపించదని ఆ గదిలో ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఆ పెద్దాసుపత్రి క్యూలో ఒక్క పూట నిలబడి ఉంటే నాకు తెలిసేది. నిలబడకుండానే సంతకం పెట్టాను. చేసిన తప్పు ఇంత తేలికగా ఉంటుందని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా చేసేయొచ్చని తెలిసి నా మీద నాకు అసహ్యం పుట్టింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆరింటికి నారాయణమ్మక్కకు ఫోన్ చేస్తున్నాను. మొదటి రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, నేను అడక్కముందే "జ్వరం ల్యాదు" అని పెట్టేసింది. నొప్పి ఏమాత్రం పెరిగినా ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ప్రైవేటుకు తీసుకెళ్తానని చెప్పాను. "అప్పుడు చూస్తాంలే" అంది. ఇవాళ పొద్దున కూడా జ్వరం లేదు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు మంజుళ చెప్పిన ఉపాయం ఇది. ముందు చీటీ తీసుకోకండి. మామూలు ఓపీ చీటీతో పెద్దాసుపత్రికి వెళ్లి స్కాన్‌కు తేదీ రాయించుకోండి, దానికి రెఫరల్ అడగరు. ఆ తేదీకి మూడు, నాలుగు రోజుల ముందు మాత్రమే మీ దగ్గరి ఆసుపత్రిలో రెఫరల్ చీటీ రాయించుకోండి. అప్పుడు స్కాన్ రోజుకు చీటీ బతికే ఉంటుంది, స్కాన్ కూడా చీటీ తర్వాతదే అవుతుంది. ఇది ఆసుపత్రిలో ఏ గోడ మీదా రాసి లేదు, ఏ కాగితం మీదా లేదు. మధ్యలో ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో ఒక థర్మామీటర్ పెట్టుకుని పొద్దునా సాయంత్రం చూసుకోండి. జ్వరం వస్తే మాత్రం చీటీ అక్కర్లేదు.